సూట్‌కేసులో చోటుంది

“ఆ పచ్చ బటన్ నొక్కేశావా?” రాగిణి దాదాపు అరిచింది.

నొక్కేశాడు ఆమె భర్త ఉమాకాంత్. వేరేవాళ్ళెవరైనా నొక్కి ఉంటే పాపం అనుకోవచ్చు. ఆ బటన్ తయారుచేసిందే అతను. పరిచయస్తులందరికీ ఒక్క దెబ్బకు ఆహ్వానం పంపే బటన్‌ను పచ్చగా నిగనిగలాడేలా పెట్టి, ‘వద్దు’ అనే మాటను చీమ తలకాయంత చేసి అడుగున దాచిందీ అతనే. శాంటా క్లారా అపార్టుమెంటులో, ఆఫీసుకు బయలుదేరే హడావిడిలో, తన యాప్ ఒకసారి చూసుకుందామని ఫోన్ తెరిచి, తను తవ్విన గోతిలో తనే పడ్డాడు.

యాప్ పేరు ‘సూట్‌కేస్’. హైదరాబాదు నుంచి ఎవరు వస్తున్నారో, వాళ్ళ పెట్టెలో మన పచ్చడి సీసాకు చోటుందో లేదో చెబుతుంది. అమెరికా తెలుగువాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

“ఎవరెవరికి వెళ్ళింది?”

“అందరికీ.”

“మీ మేనేజర్‌కి కూడానా?”

ఉమాకాంత్ ఫోన్ జేబులో దాచేశాడు.

“హెచ్‌వన్ వీసా మీద ఉండి సైడ్ బిజినెస్ చేస్తే జాబ్ పోతుంది, వీసా పోతుందని లాయర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదా! క్యాన్సిల్ చేసే ఆప్షన్ లేదా?”

“ఉంటే జనం క్యాన్సిల్ చేసేస్తారని నేనే పెట్టలేదు.”

“మహానుభావుడివి!”

ఇంకో తెలివి కూడా ప్రదర్శించాడు మహానుభావుడు. కంపెనీ రాసినట్టుంటే ఎవరూ చదవరని, ఆహ్వానం మెయిల్‌ని పంపినవాళ్ళే స్వయంగా రాసినట్టు ఇంగ్లీషులో తయారుచేశాడు. ‘ఇండియా నుంచి సూట్‌కేసుల్లో పచ్చళ్ళు తెప్పిస్తున్నాను. మీకూ కావాలంటే రండి’ అని ఉంటుంది. కింద పంపినవారి పేరు.

ఆఫీసుకు వెళ్ళాడన్న మాటేగానీ ప్రాణం ప్రాణంలో లేదు. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. పిలిచినవాళ్ళు చేరుతున్నారు, చేరినవాళ్ళు ఇంకొందరిని పిలుస్తున్నారు. రెండేళ్ళుగా కలలు కన్న రోజు. ఆనందించే యోగమే లేకపోయింది. మేనేజర్ లక్ష్మీపతి పొద్దున్నుంచీ సీట్లో లేడు.

మధ్యాహ్నం లక్ష్మీపతి గది నుంచి కబురొచ్చింది. ఉమాకాంత్ గదిలోకి వెళ్ళేసరికి లక్ష్మీపతి ఆముదం తాగిన మొహంతో కూర్చుని ఉన్నాడు.

“తలుపు వేసి కూర్చో. నీ ఇన్విటేషన్ వచ్చింది.”

“లక్ష్మీపతి గారూ, అదీ...”

“ఓపెన్ చేశాను. కళ్ళజోడు దగ్గర లేదు. పచ్చగా ఏదో కనిపిస్తే నొక్కాను. నా కాంటాక్ట్స్ అందరికీ వెళ్ళిపోయింది, నా పేరుతో.”

“మన డైరెక్టర్‌కి కూడానా?”

“ఆయనకి కూడా. పొద్దున్నే పిలిచి, ‘లక్ష్మీపతీ, ఏమిటీ పచ్చళ్ళ బిజినెస్?’ అన్నాడు. ఇవాళే నా లాస్ట్ డే.”

ఉమాకాంత్ తన ఉద్యోగం గురించి భయపడుతూ వచ్చాడు. ఇప్పుడు ఏ పాపమూ ఎరగని మనిషి ఉద్యోగం తన వల్ల ఊడింది! భయం పోయి సిగ్గు ముంచుకొచ్చింది. వీసా పోతే పోనీ అనుకుని లేచాడు.

“నేను వెళ్ళి చెప్తాను. అది నా యాప్ అని, మీకు ఏ సంబంధమూ లేదని చెప్తాను.”

లక్ష్మీపతి గబుక్కున అతని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“కూర్చోవయ్యా బాబూ. నువ్వు చెప్పినా నా ఉద్యోగం తిరిగి రాదు.”

“ఎందుకు రాదు? ఆ మెయిల్ మీరు రాసింది కాదుగా!”

“ఆయన ఆ మెయిల్ చూపించింది ఎప్పుడనుకున్నావు? మా ఆవిడ గోంగూర పచ్చడి బిజినెస్ సంగతి, ఆఫీసు ఫ్రిజ్‌లో సీసాలు దాచడంతో సహా నేనంతా ఒప్పేసుకున్నాక!”