నాలుగో విస్తరి

చనిపోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస పొద్దున బాలమ్మ నాలుగు విస్తళ్ళు పరిచింది. ఒక్కో దాంట్లో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, బెల్లం ముక్క. ఇంట్లో చనిపోయినవాళ్ళకు తలా ఒక విస్తరి. గుడి దగ్గర అయ్యగారికిస్తే, ఒక్కొక్కరి పేరూ చదివి నీళ్ళు వదులుతాడు. పెద్దల కడుపు నిండుతుంది.

ఆ ఇంట్లో పోయినవాళ్ళు ముగ్గురే. బాలమ్మ భర్త, అతని తల్లీ తండ్రీ. నాలుగోది ఎవరికని కోడలు యశోద ఏనాడూ అడగలేదు. అడగడానికేముంది?

మూడేళ్ళ కింద మూసీ పొంగిన రోజు యశోద భర్త జగదీశ్వర్ ఆటో పురానాపూల్ దగ్గర దొరికింది. మనిషి దొరకలేదు. శవమూ దొరకలేదు. ఆ మాటనే పట్టుకుని బతుకుతోంది యశోద. వారమంతా జాకెట్లు కుట్టి నడుం పడిపోయినా, ప్రతి శుక్రవారం శాలిబండ నుంచి లాల్‌దర్వాజా దాకా నడిచి, అమ్మవారి ముందు మొగుడి పేరున దీపం పెట్టి వస్తుంది. అతని ఫోన్ నంబరుకు రీఛార్జ్ కూడా ఆపలేదు.

ఆ యేడే బాలమ్మ సోది చెప్పించుకొచ్చింది. "పెద్దలు ఇంకో విస్తరి అడుగుతున్నరట. మనం పెట్టకుంటే వాళ్ళే మనిషిని తోల్కపోతరట" అంది. అప్పట్నుంచీ ఏటా నాలుగు.

కన్నకొడుకును చచ్చినవాళ్ళలో కలిపేసింది ముసల్ది. అందుకే యశోద పెత్రమాస నాడు అత్తతో పలకడం మానేసింది.

ఈసారి బాలమ్మకు మోకాళ్ళు వాచాయి.

"నువ్వు పోయిరా బిడ్డా" అంది, దవడన వక్కపలుకు పెట్టుకుంటూ. "పేర్లు అయ్యగారి పుస్తకంల ఉన్నయి. నువ్వేం చెప్పే పన్లేదు."

"మూడే తీస్కపోతా అత్తమ్మా."

"నాలుగు. ఒక్కటి తగ్గినా నా మీద ఒట్టే."

"ఆయన వస్తడు."

"వస్తడు. నువ్వైతే తీస్కపో."

ఆ మాటకూ ఈ పనికీ పొంతనేముందో యశోదకు అర్థం కాలేదు. ఎదురు చెప్పే ఓపికా లేదు. గంప నెత్తికెత్తుకుని బయల్దేరింది.

గుడి సందులో రోడ్డు పొడుగునా బతుకమ్మకు తంగేడు పూలు అమ్ముతున్నారు. ఆమెకు చూడబుద్ధి కాలేదు. వరుసలో నిలబడి నాలుగో విస్తరి వంక చూసింది. జగదీశ్వర్‌కు ప్రాణమైన వంకాయ లేదందులో. ఓ మూల రెండు వక్కలున్నాయి. అతను వక్క ముట్టడు. కొడుకునే వదిలేసుకున్నాక అతనికేది ఇష్టమో ఎందుకు గుర్తుంటుంది, అనుకుంది.

"ఏ ఇల్లమ్మా?" అడిగాడు అయ్యగారు.

"శాలిబండ, మా మామ లక్ష్మయ్య ఇల్లు. అయ్యగారూ, మూడు పేర్లే చదువుండ్రి."

ఆయన పుస్తకం తిప్పాడు. "నాలుగున్నయి గదమ్మా. ఒక్కటి కూడా తప్పొద్దని ఆ పెద్దమ్మ ఏటా మరీ మరీ చెప్పి పోతది."

"నాలుగోది వద్దు. మీ కాళ్ళు మొక్కుతా."

"పెద్దల నోటికాడి కూడు ఆపొద్దు తల్లీ."

యశోద నాలుగో విస్తరి వంకే చూసింది. ఈయన ఆ పేరు చదివాక వచ్చే శుక్రవారం దీపం ఎవరి కోసం పెట్టాలి?

"ఆగయ్య." నీళ్ళు వదిలాడు. "మాణిక్యమ్మ." మళ్ళీ నీళ్ళు. "లక్ష్మయ్య."

చెవులు మూసుకుందామనుకుంది.

నాలుగో విస్తరి మీద నీళ్ళు వదులుతూ అయ్యగారు చదివాడు: "బాలమ్మ."