మాస్టారి చెవులు

“ఈ హాల్లో ఆ సెట్టన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి!”

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారి భార్య నడుం మీద చేతులేసుకుని తేల్చి చెప్పేసింది. చెప్పదా మరి! పదకొండేళ్ల కిందట మూల బల్ల మీద బుద్ధిగా కూర్చున్న పాటల సెట్టు ఇప్పుడు హాలంతా కాళ్లు చాపుకుంది. ఒక ఏడాది ఆంప్లిఫయర్, ఇంకో ఏడాది మనిషెత్తు స్పీకర్లు, ఆ పైన రికార్డు ప్లేయర్. సోఫా వరండాలోకి పోయింది. ప్రతిధ్వని రాకూడదని కప్పుకునే దుప్పట్లు కాస్తా గోడలెక్కాయి. పాట నడుస్తుంటే మిక్సీ వేయకూడదు, ఫ్యాను తిప్పకూడదు, గట్టిగా తుమ్మకూడదు. ఏది కొన్నా మాస్టారిది ఒకటే మాట: “ఇదొక్కటీ వస్తే సెట్టు పూర్తయిపోతుందోయ్!”

నిన్న వచ్చింది స్పీకర్ వైరు. బొటనవేలంత లావుంది.

“ఉన్న వైరుకేం రోగమండీ?”

“నీకు తెలీదులే. పాత వైరుతో వింటే గాయని పక్కింట్లో పాడుతున్నట్టు ఉంటుంది. దీంతో వింటే మన హాల్లోనే, ఇదిగో, ఇక్కడే నిలబడి పాడుతుంది.”

“ఎక్కడ నిలబెడతారు ఆవిణ్ణి? కాలు పెట్టే చోటుంటేగా!”

గుమ్మంలో నిలబడ్డ మాస్టారి బావమరిది కిసుక్కున నవ్వాడు. అతను ఎలక్ట్రీషియన్. వైరు బిగించడానికి రమ్మంటే వచ్చాడు పాపం, ఇలా మొగుడూ పెళ్లాల మధ్య ఇరుక్కున్నాడు.

“వాడు నవ్వడం కాదు, వాడితోనే తేల్చుకుందాం” అంది ఆవిడ. “కళ్లకి గంతలు కట్టుకుని కూర్చోండి. ఒకే పాట ఐదుసార్లు వేస్తాడు. ఏది పాత వైరో, ఏది కొత్త వైరో చెప్పండి చూద్దాం. ఒక్కటి తప్పినా సరే, సెట్టు మొత్తం మేడ మీద సామాన్ల గదిలోకి పోవాలి.”

“ఐదూ కరెక్టుగా చెబితే?”

“మీరేం కొన్నా జన్మలో నోరెత్తను. ఒట్టు!”

మేడ మీద గదిలో ఎండాకాలం సెగ, వానాకాలం చెమ్మ. పదకొండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న సెట్టు అక్కడ ఆర్నెల్లు కూడా బతకదు. కానీ బావమరిది ఎదురుగా వెనక్కి తగ్గడం ఎలా? మాస్టారు మొహానికి తువ్వాలు గట్టిగా బిగించుకుని కుర్చీలో కూలబడ్డాడు.

స్క్రూలు తిప్పిన చప్పుడు, ఆ వెంటే పాట.

“పాతది! గొంతు జలుబు చేసినట్టు లేదూ?”

“కరెక్ట్ బావగారూ!”

మళ్లీ స్క్రూలు, మళ్లీ పాట.

“ఆహా, ఇది కొత్తది. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోందిరా!”

“కరెక్ట్!”

మూడోదీ చెప్పాడు. నాలుగోది చెప్పేసరికి ధీమా వచ్చి కాలు మీద కాలేసుకున్నాడు. ఐదోసారి మాత్రం చెమటలు పట్టాయి.

“కొత్తది... కాదు కాదు, ఆగు. కాస్త మొదట్నుంచీ వెయ్యి. ఊఁ... పాతది! ఖాయం!”

బావమరిది గొంతు సవరించుకున్నాడు.

“కరెక్ట్! ఐదుకి ఐదు!”

మాస్టారు తువ్వాలు లాగి పారేసి స్పీకర్‌ని రెండు చేతులా వాటేసుకున్నాడు. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్షల్లో ఎన్ని వందల మందికి మార్కులు వేశాడో గానీ, తనకిలా నూటికి నూరు రావడం ఇదే మొదటిసారి.

“ఓడిపోయానండీ. ఇక మీ ఇష్టం” అని మొహం ముడుచుకుని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“అక్కా, నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పావని అన్నిటికీ కరెక్ట్ అన్నాను. అసలు మూడు తప్పు చెప్పారు బావగారు. గెలిచే పందెం చేజేతులా పోగొట్టుకున్నావేంటి?”

ఆవిడ ముడుచుకున్న మొహం ఇట్టే విప్పారింది.

“పిచ్చోడా! ఓడిస్తే ఊరుకుంటారనుకున్నావా? ఈ వైరు చాలలేదని ఇంకా లావుపాటిది పట్టుకొస్తారు. ఎన్ని కొన్నా ఇంకేదో తక్కువైందనే కదా ఆయన బాధ! ఇవాళ్టితో ఆ బాధ తీరిపోయింది. మొహం ఎలా వెలిగిపోతోందో చూశావా? ఇక హాయిగా కూర్చుని పాటలు వింటారు.”

“మరి జన్మలో నోరెత్తనని ఒట్టేశావే?”

“ఎత్తాల్సిన అవసరం వస్తేగా!” అని నవ్వుతూ ఆవిడ టీకి నీళ్లు పెట్టింది.

అంతలో హాల్లోంచి మాస్టారి కేక ఇల్లంతా మారుమోగింది:

“ఏమోయ్! ఇంత గొప్ప చెవులు పెట్టుకుని ఇన్నాళ్లూ ఈ డొక్కు స్పీకర్లతో ఎలా విన్నానంటావ్? రేపే మార్చేస్తున్నా!”