గ్యారీ, బ్యారీ, మళ్ళీ గ్యారీ

"మొదట పాడినవాడు బ్యారీ," అన్నాడు సుధాకరరావు.

"రాంగ్ లా, నాన్నా! గ్యారీ," అంది కూతురు కీర్తిక సింగపూర్ యాసలో, గొంతు తగ్గించి.

"మరి బ్యారీ ఎవడు?"

"గ్యారీ మానేశాక వచ్చినవాడు. బ్యారీ తాగి స్టేజీ మీంచి పడ్డాక మళ్ళీ గ్యారీయే వచ్చాడు."

సుధాకరరావు తల గోక్కున్నాడు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు వ్యవహారాలు చూసే బుర్ర అది. వడ్డీరేట్లు ఎక్కినంత సులువుగా ఈ ఇంగ్లండు పాటగాళ్ళ గోల ఎక్కడం లేదు.

ఎదురుగా భార్య లీలావతి కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వాటిల్లో ఆ పాటలే. కాకినాడ హాస్టల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్‌తో అంటుకున్న పిచ్చి. ఇక్కడి తమ బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో పప్పుకి పోపు కూడా ఆ డ్రమ్ముల మోతలోనే పెట్టేది. అతను మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ దాన్ని "నీ మేళం" అనే అన్నాడు. అన్నప్పుడల్లా ఆవిడ గయ్యిమనేది: "మేళం కాదండీ, బ్యాండ్!"

ఆ మేళమే మొన్నామధ్య సింగపూర్ వచ్చింది. లీలావతి రెండు టికెట్లు కొంది. "నాకు పనుంది, నువ్వెళ్ళు," అన్నాడతను. ఒక్కతే వెళ్ళింది. ఆ రోజు నుంచి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

గాజులుండాల్సిన చేతికి తెల్లటి ప్లాస్టిక్ బ్యాండ్ ఉంది. దాన్ని చూస్తే సుధాకరరావుకి ఏడుపొచ్చింది.

"మొదలుపెట్టు నాన్నా. టైమ్ అయిపోతోంది."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"లీలా, నీ రస్టెడ్ యాంకర్ వాళ్ళ కథంతా నేర్చుకున్నానే. హల్ అనే రేవులో ఓడలు బాగుచేసేవాళ్ళ పిల్లలు. చేపల గోడౌన్‌లో ప్రాక్టీసు. కంపు భరించలేక ఊళ్ళోవాళ్ళు తరిమేశారు..."

"కంపుకి కాదు, సౌండుకి," అంది కీర్తిక.

"ఏదో ఒకటి! లండన్ వెళ్తే వ్యాను దొంగలెత్తుకుపోయారు. ఇదేం పాటని రికార్డు కంపెనీవాళ్ళు గెంటేశారు. ఆ పాటకే తర్వాత స్టేడియాలు నిండాయి. పేరొచ్చాక ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. బ్యారీ వెళ్ళిపోయాడు..."

"గ్యారీ!"

"ఎవడో ఒకడు! ఎన్నో ఏళ్ళకి తిరిగొస్తే, మిగతావాళ్ళు కిక్కురుమనకుండా మైకు చేతికిచ్చారట. నాకు అర్థం కానిది అదే లీలా. అంత గొడవపడ్డవాళ్ళు ఎలా కలిశారు? నువ్వే చెప్పాలి."

అతను ఆవిడ ముఖంలోకి వంగి చూశాడు.

"ఇంత అలకా? ఈసారి ఇద్దరం వెళ్దాం. హాకర్ సెంటర్లో తినడానికి టేబుల్ పట్టినట్టు టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ముందు వరుసలో మనిద్దరికీ సీట్లు చోప్ చేస్తాను. సరేనా?"

కీర్తిక నవ్వబోయి ముఖం అటు తిప్పుకుంది.

అతను ఆవిడ చేతి ప్లాస్టిక్ బ్యాండ్‌ని వేలితో నిమిరాడు. తను చేస్తున్నది సరైనదో కాదో అతనికి తెలియడం లేదు.

"నాకు పాటలు తెలీవు. పేర్లు నోరు తిరగవు. తెలిసిందల్లా ఆ మేళమంటే నీకు ప్రాణమని..."

ఇయర్‌ఫోన్ వైరు కదిలింది. ఎండిన పెదాలు మెల్లగా విడివడ్డాయి.

"మేళం... కాదండీ... బ్యాండ్."

ఆ కచేరీ రాత్రి స్పృహ తప్పిన మనిషి నోరు విప్పడం చూసి, ఐసీయూ నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది.