పుట్టుక తెలియని మాట

"ఒక్కసారి నోరు తెరవండి, తాతా," అన్నాడు హాక్స్‌బీ.

సైలస్ ఎండాకాట్ తెరిచాడు.

పళ్లన్నీ సొంతవే. హాక్స్‌బీ తృప్తిగా తలూపి, టేపు యంత్రాన్ని వంటింటి బల్ల మీద పెట్టాడు.

"గుర్రాన్ని కొనేటప్పుడు మా నాన్న కూడా ఇలాగే చూసేవాడు," అంది పొయ్యి దగ్గర నుంచి సైలస్ భార్య థర్జా. "కాళ్లు కూడా ఎత్తి చూస్తావా, నాయనా?"

హాక్స్‌బీ నవ్వలేదు.

అతడు విశ్వవిద్యాలయం పంపగా వచ్చినవాడు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీళ్లలో మంచుకూ మబ్బుకూ పురుగుకూ పొదకూ ఉన్న పాత మాటలు ముసలివాళ్లతోపాటే మట్టిలో కలిసిపోతున్నాయి. అవి పోకముందే పోగుచేయాలి. ఎవరి నోటి నుంచి పోగుచేయాలో ఆచార్యులు ముందే నిర్ణయించి ఉంచారు. అరవై దాటిన పురుషుడై ఉండాలి. ఆ ఊళ్లో పుట్టి, ఆ ఊరు విడవనివాడై ఉండాలి. పలుకు చెడకుండా సొంత పళ్లుండాలి.

స్త్రీలు పనికిరారు. చదువుకున్నవాళ్ల ముందు ఆడవాళ్లు తమ అసలు మాట దాచుకుని నాజూకుగా మాట్లాడతారని ఆచార్యుల నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో ఏ స్త్రీనీ అడిగి చూసినవారు లేరు.

"ఎప్పటి నుంచి ఉంటున్నారిక్కడ?" యంత్రం తిప్పి అడిగాడు హాక్స్‌బీ.

"బుద్ధెరిగినప్పటి నుంచీ ఇక్కడేనండి."

ఊళ్లోకెల్లా పెద్దవాడని చర్చి గురువే చూపించిన మనిషి. హాక్స్‌బీ ఇంకేమీ అడగలేదు.

"ఈయన్ని అడిగే బదులు..." అని థర్జా ఏదో చెప్పబోయింది.

హాక్స్‌బీ యంత్రాన్ని ఆపాడు. "అమ్మగారూ, దయచేసి."

మళ్లీ తిప్పాడు.

"పొద్దు గుంకాక, దీపం పెట్టే ముందు ఉండే మసక వెలుగు?"

"డింప్సీ."

"పండిన ఆపిల్లోకి దూరే కందిరీగ?"

"ఆపిల్‌డ్రేన్."

"కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి, రెమ్మరెమ్మకూ గాజు తొడిగినట్లయి, దాని మీద ఎండ పడితే?"

"అమిల్."

హాక్స్‌బీ యంత్రం మీదికి వంగాడు. ఆ మాట కోసమే అతడు ఇంత దూరం వచ్చాడు.

"దానికి ఆ పేరెలా వచ్చింది?"

సైలస్ భార్య వైపు చూశాడు.

థర్జా అలమర నుంచి నల్లటి మట్టిగిన్నె ఒకటి దించి, హాక్స్‌బీ ముఖం ముందుకు తెచ్చింది. గిన్నె తళతళలాడుతోంది. "ఇదిగో, దీన్ని చూడు..."

హాక్స్‌బీ యంత్రాన్ని ఆపాడు. "వద్దండి. తినే వచ్చాను."

"తినమని ఎవరన్నారయ్యా? ఖాళీ గిన్నె. కళ్లు కనబడవా?"

"టేపు చాలా ఖరీదైనది. మీ గొంతు పడితే తాతగారి మాట పాడవుతుంది. కాసేపు బయట ఉండగలరా?"

"నా వంటింట్లోంచి నన్నే?"

"పోనీలే, థర్జా," అన్నాడు సైలస్. "చదువుకున్న పిల్లాడు."

"అది కనిపిస్తూనే ఉంది," అంది థర్జా.

శాలువా కప్పుకుని, గిన్నె చంకన పెట్టుకుని, పెరట్లోకి వెళ్లింది. హాక్స్‌బీ లేచి తలుపు మూశాడు.

టేపు విన్న ఆచార్యుడు పొంగిపోయాడు. ఆ బీళ్లలో ఇంత స్వచ్ఛమైన గొంతు ఇంతవరకూ దొరకలేదన్నాడు. ఒక్కటే కొరత.

"నగల మీద, గిన్నెల మీద వేసే గాజుపూతను పూర్వం అమెల్ అనేవారు. నీ అమిల్ దాని బిడ్డేనని నా ఊహ. పూతనూ మంచునూ ఒకే మాటతో పిలిచే మనిషిని ఒక్కణ్ణి చూపించు. ఊహ రుజువవుతుంది. లేదంటే నిఘంటువులో దాని పక్కన 'పుట్టుక తెలియదు' అని అచ్చువేయక తప్పదు."

హాక్స్‌బీ వసంతంలో మళ్లీ వచ్చాడు. తలుపు సైలస్ తీశాడు. పొయ్యి చల్లగా ఉంది.

"అమ్మగారు?"

"ఫిబ్రవరిలో పోయింది."

హాక్స్‌బీ టోపీ తీశాడు. మర్యాదకు చాలినంతసేపు దాన్ని చేతిలో పట్టుకున్నాడు. తరువాత అడిగాడు.

"గిన్నె మీది మెరుపు పూతను ఇక్కడెవరైనా అమిల్ అనేవారా, తాతా?"

"థర్జా అనేది. వాళ్ల అమ్మమ్మ మాట. ఆ రోజు గిన్నె తెచ్చింది అది చూపించడానికే కదా. మీరు తినే వచ్చానన్నారు."

హాక్స్‌బీ అలమరలోని నల్ల గిన్నె వైపు చూశాడు. అంతలోనే తేరుకుని, యంత్రాన్ని గబగబా బల్ల మీదికి ఎత్తాడు.

"ఫరవాలేదు. మీరు చెప్పండి. ఇక్కడ పుట్టినవాడి నోటి నుంచి వస్తే చాలు."

"పుట్టినవాడా? నేనా?" సైలస్ తెల్లబోయాడు. "అలాగని ఎవరు చెప్పారు మీకు?"

టేపు తిరుగుతోంది.

"లండన్ అనాథాశ్రమం వాళ్లు ఆరేళ్లప్పుడు నన్ను థర్జా నాన్న దగ్గర పశువుల పనికి దించి పోయారు. అప్పట్లో నాకు నోరు పెగిలేదే కాదు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని బీడంతా తిప్పేది. ఇదేంటి, అదేంటి అని ఒక్కొక్కటీ చూపించి పేరు చెప్పించేది. తప్పంటే నెత్తిన మొట్టేది. అలా వచ్చింది నాకీ మాట."

హాక్స్‌బీ యంత్రాన్ని ఆపాడు. ఊళ్లో పుట్టనివాడి సాక్ష్యం చెల్లదు. ఇప్పుడు చెప్పినదే కాదు, మొదటి టేపు కూడా చెల్లదు.

"ఇంకెవరూ లేరా? ఇక్కడే పుట్టినవాళ్లు?"

"ఇక్కడి గనులు మూసినప్పుడే పాత కుటుంబాలన్నీ లేచిపోయాయి. ఉన్నవాళ్లంతా పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే."

సైలస్ చల్లారిన పొయ్యి వైపు చూస్తూ, ఎలాంటి నిష్ఠూరమూ లేకుండా అన్నాడు:

"మీరు వెతుక్కుంటూ వచ్చిన ఆ ముసలాయన థర్జానేనండి, బాబూ."