ఆరిళ్ళ ఊరు

"ఆరిళ్ళకు తక్కువైతే అది ఊరు కాదు. తీసేయండి," అన్నాడు పెద్ద ఇంజనీరు, గుమ్మంలోనే నిలబడి.

"తీసేస్తే ఏమవుతుంది సార్?"

"ఏమీ కాదు. కొత్త మ్యాప్‌లో పేరుండదు. మందుల బండి ఆ మ్యాప్ చూసుకునే తిరుగుతుంది కాబట్టి అటు వెళ్ళదు. అంతే."

అంతే అనేసి వెళ్ళిపోయాడు. ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది.

ఆఫీసులో ఆమెను అందరూ మ్యాపులక్క అంటారు. అందరూ అంటే ముగ్గురు. ఆ ముగ్గురూ కింద కూర్చుంటారు. ఆమెది పై అంతస్తులో చివరి గది. కొండ పల్లెల పాత మ్యాపులు కొత్త కంప్యూటర్లలో తెరుచుకోవు. వాటిని ఒక్కొక్కటే కొత్త పద్ధతిలోకి మార్చడం ఆమె పని. మార్చినప్పుడు గీతలు బాగానే వస్తాయి. పేర్లే చెదిరిపోతాయి. వాగు పేరు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళు మిగులుతాయి. ఆ పేర్లు కనుక్కుని మళ్ళీ ఎక్కించాలి. ఏ పేరు ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాసిపెట్టాలి.

అమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఆదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోతున్నాయి. సోమవారం పొద్దున్న బస్సులో కండక్టర్‌కు స్టాప్ పేరు చెప్పబోతే గొంతు పెగలదు.

కొండ చివరి ఊరి మ్యాప్ తెరిచింది. పాత లెక్క ప్రకారం సరిగ్గా ఆరిళ్ళు. ఒకప్పుడు మందుల బండి వాళ్ళు ఇంటికొక ఫోన్ ఇచ్చారు. ఆ నంబర్లు ఫైల్లోనే ఉన్నాయి. మొదటిదానికి చేసింది.

"ఎవరమ్మా?" ముసలావిడ గొంతు.

విషయం చెప్పి, "మీ ఊళ్ళో ఇంకా ఎవరెవరున్నారు పెద్దమ్మా?" అని అడిగింది.

అవతల ముసలావిడ గొంతు సవరించుకుంది.

"లేకేం తల్లీ, అందరూ ఉన్నారు. చేసి చూడు. కాకపోతే రోజుకొక ఇంటికే చెయ్యి. మావాళ్ళు మాటల్లో పడితే పనులు మర్చిపోతారు."

అలా మధ్యాహ్నం మూడు గంటలకు రోజుకొక ఇల్లు.

రెండో ఇంట్లో దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడతాడేమో, సగం మాటలు పళ్ళ మధ్యే ఉండిపోయేవి. మూడో ఇంటి పెద్దాయనకు చెవుడు. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదనుకుని అరిచేవాడు. నాలుగో ఇంటి కోడలు పసిబిడ్డ లేస్తుందని గుసగుసగా మాట్లాడేది. ఐదో ఇంటి పంతులుగారికి ఎప్పుడూ జలుబే. ఆరో ఇంటి గొర్రెల కాపరి "ఆఁ", "ఊఁ" తప్ప మూడో మాట ఎరగడు.

వాగు పేరు మీద పెద్ద గొడవే నడిచింది. దర్జీ దాన్ని నత్తవాగు అన్నాడు.

మర్నాడు చెవిటి పెద్దాయన మండిపడ్డాడు. "వాడికేం తెలుసమ్మా, కొలతలు తీసుకునేవాడికి. అది మెత్తవాగు. అడుగున బురద."

"అంత వయసొచ్చింది, ఏం లాభం," అని దర్జీ తన వంతు రాగానే విసుక్కున్నాడు.

పంతులుగారు ముక్కు చీదుకుంటూ తీర్పు చెప్పారు. ఎగువన నత్తవాగు, దిగువన మెత్తవాగు. ఆమె రెండు పేర్లూ ఎక్కించి, ముగ్గురి మాటా వివరాల్లో రాసింది. రాస్తూ నవ్వుకుంది. ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదలు.

పేర్లన్నీ దొరికాయి. అయినా ఫోన్లు ఆపలేదు.

"తిన్నావా అక్కా?" అని కోడలు గుసగుసగా అడిగేది. ఆ మాట అడిగేవాళ్ళు ఆమెకు మరెవరూ లేరు.

ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు ఆఫీసుకు రాలేదు. ఐదో రోజు వచ్చి కూర్చుంటే, కింద ఉన్న ముగ్గురిలో ఎవరూ ఏమీ అడగలేదు. రాలేదన్న సంగతే గమనించినట్టు లేదు. పదకొండింటికి ఫోన్ మోగింది. పెద్దమ్మ. పెట్టేసిన కాసేపటికి దర్జీ. తర్వాత పంతులుగారు. సాయంత్రానికి ఆరిళ్ళ నుంచీ చేశారు. గొర్రెల కాపరి కూడా చేసి, "ఆఁ?" అన్నాడు. ఆ ఒక్క "ఆఁ"కు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

నెలాఖరుకు పెద్ద ఇంజనీరు మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

"ఫోన్లో ఉన్నామంటే సరిపోదమ్మా. వెళ్ళి చూసి రాయాలి. లేదంటే ఆ ఊరు తీసేద్దాం."

మర్నాడు పొద్దున్నే ఆమె మందుల బండిలోనే బయల్దేరింది. సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చింది. దారి పొడవునా డ్రైవర్ ఏదో చెబుతూనే ఉన్నాడు గాని, ఆమె ఒక్క మాటా వినలేదు.

మర్నాడు ఇంజనీరు అడిగాడు. "ఆరిళ్ళూ ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. ఆరు వాకిళ్ళూ శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి."

"మరి మనుషులు?"

"ఆరు ఫోన్లూ ఎత్తారు సార్. నా కళ్ళ ముందే. భోజనం చేసేదాకా వదల్లేదు."

"సరే, రాసెయ్యండి."

ఆమె రాసింది. 'స్వయంగా వెళ్ళి చూడడమైనది. ఇళ్ళు ఆరు. ఊరి పేరు ఉంచవలెను.' ఇంజనీరు చదివి సంతకం పెట్టాడు.

మూడు గంటలయింది. ఇవాళ దర్జీ వంతు. ఆమె ఫోన్ చేసింది.

"క్షేమంగా చేరావామ్మా?" పళ్ళ మధ్య నుంచి మాట.

"చేరాను బాబాయ్," అంది ఆమె.

నిన్న ఆ ఊళ్ళో ఆమె వరసగా చేసిన ఆరు నంబర్లూ ఒకే అరుగు మీద, ఒకే ఒక్క ముసలావిడ ఒళ్ళో మోగాయి.