ఫొటో లేని సభ

“ఫోన్ ఇందులో వెయ్యండి అంకుల్,” అంది కృష్ణవేణి, గుమ్మంలోనే పెద్ద స్టీలు గిన్నె ముందుకు చాచి.

ఆంజనేయప్రసాద్ గారు అక్కడే ఆగిపోయారు. అమెరికాలోని బాతెల్ ఊళ్లో తెలుగువాళ్లు నెలనెలా జరిపే సాహిత్య సభకు ఆయన అధ్యక్షులు. ఈసారి సభ కృష్ణవేణి ఇంట్లో.

“శాలువా తెచ్చానమ్మాయ్. కప్పేటప్పుడన్నా ఒక్కటి తీసుకోవద్దా?”

“వద్దంకుల్. ఇవాళొచ్చే రష్యన్ పిల్ల కోరింది అదొక్కటే. వాళ్లమ్మ ఇంకా అక్కడే ఉంది. ఇక్కడ ఈ పిల్ల మొహం తెలిసిందంటే, అక్కడ ఆవిడ తలుపు కొడతారు.”

“కవిత రాసినందుకా?”

“యుద్ధం వద్దని రాసినందుకు.”

“ఫొటో లేకపోతే సభ జరిగిందని ఎవరు నమ్ముతారు? టెక్సాస్‌లో కాపెల్ సభ వాళ్లని చూడు, వచ్చినవాళ్లకంటే పెట్టిన ఫొటోలే ఎక్కువ.”

“గిన్నెలో వెయ్యండి అంకుల్.”

ఆయన ఫోన్‌ని పిల్లాణ్ణి బడిలో దింపినట్టు గిన్నెలో దించి, వెనక్కి చూస్తూనే లోపలికి వెళ్లారు.

ఆ సభలో పెద్దలకు రష్యన్ సాహిత్యమంటే చిన్నప్పుడు చవగ్గా దొరికిన లావుపాటి పుస్తకాలే. ఆ భాషలో ఇప్పుడూ రాస్తున్న కుర్రవాళ్లున్నారనీ, వాళ్లలో కొందరు ఊళ్లు విడిచి, మారుపేర్లు పెట్టుకుని రాస్తున్నారనీ కృష్ణవేణి చెబితే ఎవరికీ పట్టలేదు. ఆమె మాత్రం వదల్లేదు. గ్లీనా అనే పేరుతో వచ్చే కవితలు ఆమెకు నచ్చాయి. గ్లీనా అంటే వాళ్ల భాషలో బంకమన్ను. ఇంగ్లీషులోంచి ఒక కవితను తెలుగు చేసి, ఆ సంగతి చెబుతూ మెయిల్ పెట్టింది. దగ్గర్లోనే ఉన్నాను, వస్తాను, ఫొటోలు మాత్రం వద్దు అని జవాబొచ్చింది.

వానలో కారు దిగి గ్లీనా వచ్చింది. సన్నగా, చలాకీగా ఉంది. వెనకాలే గొడుగు ముడుస్తూ ఒకతను.

“యెగోర్. నా ఫ్రెండ్. డ్రైవ్ చేశాడు,” అంది ఇంగ్లీషులో. “పెద్దగా మాట్లాడడు.”

అతను ఫోన్ తనే గిన్నెలో వేసి, వెనక చెప్పుల స్టాండు పక్కన కూర్చున్నాడు. కృష్ణవేణి భర్త శశికాంత్ అతనికి బజ్జీల ప్లేటు ఇచ్చాడు.

అధ్యక్షుల వారు తమ చిన్నతనంతో మొదలుపెట్టి, రష్యా మంచు మీదుగా చాలా దూరం పోయి, బజ్జీలు చల్లారాక కూర్చున్నారు. అప్పుడు గ్లీనా చదివింది. ఎవరికీ అర్థం కాకపోయినా గొంతు బాగుందనుకున్నారు. ఆ తర్వాత కృష్ణవేణి తెలుగులో చదివింది.

“అక్కడ మంచు పడిందా అని అమ్మనడుగుతాను.
పడలేదు, ఎండగా ఉంది అంటుంది.
మేం మాట్లాడుకునేది వాతావరణం ఒక్కటే.
మా మధ్య మూడో చెవి ఉందని
ఇద్దరికీ తెలుసు.”

వెనక యెగోర్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

“పాపం, మిరపకాయ బజ్జీ. కొంచెం పెరుగు పట్రా,” అన్నాడు శశికాంత్.

“రాయడం ఎప్పుడు మొదలైందమ్మా?” అడిగారు ఆంజనేయప్రసాద్ గారు, ఇంగ్లీషులో.

గ్లీనా ఒక్క క్షణం ఆలోచించింది. “ఇల్లు వదిలిన రోజు.”

అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఫొటో లేకుండా కప్పిన శాలువా అధ్యక్షుల వారి సర్వీసులో అదే మొదటిది. ఆయన మొహం చూస్తే కృష్ణవేణికే జాలేసింది.

గ్లీనా లోపలి గదిలో భోజనానికి కూర్చుంది. వెళ్లిపోబోతూ ఫోన్ తీసుకున్న ఆంజనేయప్రసాద్ గారికి చెప్పుల దగ్గర యెగోర్ కనిపించాడు.

“అమ్మాయ్, ఇతనితో ఫొటో దిగొచ్చుగా?”

“ఇతనితోనా?”

“ఎవరో ఒక రష్యా వాడు పక్కనుండాలి కదా. ఇంకో శాలువా కూడా ఉంది, కారులో.”

యెగోర్‌కి సంగతి అర్థమైంది. చేతులు అడ్డం ఊపాడు. “ప్లీజ్, నో.”

కృష్ణవేణి అతని దగ్గరికి వెళ్లి మెల్లగా అంది. “పెద్దాయన చిన్నబుచ్చుకున్నారు. మీ ఫ్రెండ్ లోపలుంది, ఫ్రేమ్‌లో పడదు. నేనే చూసి తీస్తాను. ఆవిడ భద్రంగా ఉంటుంది. సరేనా?”

అతను లోపలి గది వైపు చూశాడు. చుట్టూ అందరూ నవ్వుతూ నిలబడ్డారు. ఇంకా కాదంటే ఎందుకని అడుగుతారు. అప్పటికే భుజాల మీద శాలువా పడిపోయింది.

“కొంచెం తలెత్తు బాబూ,” అన్నారు ఆంజనేయప్రసాద్ గారు, గడ్డం కింద వేలు పెట్టి.

కృష్ణవేణి ఆయన ఫోన్‌తోనే తీసింది. తలుపులోంచి గ్లీనా చెయ్యి కూడా పడలేదని రెండుసార్లు చూసుకుంది. మాట నిలబెట్టుకున్నాననుకుంది. పెద్దాయన ముచ్చటా తీరింది.

తెల్లవారేసరికి ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో, అన్ని తెలుగు గ్రూపుల్లో తిరుగుతోంది. కింద ఆంజనేయప్రసాద్ గారే రాశారు, ‘కవయిత్రి గ్లీనా గారిని మన సభకు తీసుకొచ్చిన రష్యన్ మిత్రుడు యెగోర్‌కు సత్కారం’ అని. ఇంగ్లీషులో కూడా రాశారు, తెలుగు రానివాళ్లకూ తెలియాలని.

కృష్ణవేణి కాఫీ కలుపుతుంటే గ్లీనా ఫోన్ చేసింది.

“ఆ ఫొటో ఎవరు పెట్టారు?”

“కంగారు పడకండి. అందులో మీరు లేరు. నేనే చూసి తీశాను.”

“నేనుంటే ఏమీ అయ్యేది కాదు. నేను పుట్టింది ఇక్కడే, మా అమ్మ ఉండేదీ ఇక్కడే.”

“మరి మీ కవితలో...”

“నేను చదివిపెడతానంతే.”

కృష్ణవేణి స్టవ్ కట్టేసింది.

“రాసేది యెగోర్.”