చారల కత్తి కొన్నదెవరు?

“గుర్తు కొట్టకుండానే ఎత్తుకపోతాండావే! ఇట్ల తే.”

మటన్ కొట్టు మస్తాన్ సంచిలో వేసుకోబోయిన కత్తిని ఏసుమణి వెనక్కి లాక్కుంది. దాగలి మీద పెట్టి, పిడి పక్కన పదును పెట్టని చోట చిన్న ఉలి ఆనించి, ఎడమచేత్తో రెండు దెబ్బలు వేసింది. సిలువ గుర్తు పడింది. కాలం చేసిన ఆమె మొగుడు లాజరు పెట్టిపోయిన పద్ధతి అది. కొన్నవాడి కళ్లముందే గుర్తు కొట్టి చేతికివ్వాలి.

“కుడిచేతికి ఆ గుడ్డేందక్కా?”

“పని ఎక్కువైందిలేప్పా.”

మస్తాన్ కత్తిని ఎండకు పట్టి మురిసిపోయాడు. మురవడా మరి! లారీ కమాన్ పట్టీ మీద పాత రంపం పట్టీ పేర్చి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మడిచి మళ్లీ సాగగొట్టి, చివర్న యాసిడ్‌లో ముంచితే రెండు ఇనుములూ రెండు రంగులై, ఇసుకలో నీళ్లు పారినట్టు చారలు తేలతాయి. చుట్టుపక్కల ఇంకెవరికీ చేతగాని పని. ఎర్రగుంట్ల రోడ్డు మీది ఆ రేకుల షెడ్డును జనం చారల కత్తుల కొలిమి అనే అంటారు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. మస్తాన్ మెల్లగా జారుకున్నాడు. ఎస్సై దావీదురాజు దిగి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కత్తి తీసి దాగలి మీద పెట్టాడు.

“ఇది నీ పనేనా ఏసుమణమ్మా?”

“నా పనే సార్. కాదంటే ఆ చారలు ఊరుకుంటాయా?”

“రాత్రి క్వారీ టిప్పర్ల టైర్లు కోసి పారేసినారు. ఒక్కటి మిగల్లేదు. ఆఖరి టైర్లో ఇరుక్కోని ఇది దొరికింది.”

ఆ టిప్పర్లంటే ఊరందరికీ కడుపుమంట. బైపాస్ ఉన్నా డీజిలు కలిసొస్తుందని బడి వీధిలోంచే, ఈ కొలిమి ముందరగా తోలుతారు. పోయిన నెల హెన్రీ కూతురు ఆరాధన కాలు చక్రం కిందికి పోయింది. మోకాలి కింద తీసేశారు. బడి విడిచాక ఈ కొలిమి ముందరే కూర్చుని, నిప్పురవ్వలు లేచినప్పుడల్లా చప్పట్లు కొట్టే పిల్ల! హెన్రీ అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, మొన్న నడిరోడ్డు మీద టిప్పర్ల అంతు చూస్తానని అరిచాడు. అంతే, ఈ తెల్లవారుజామున అతణ్ణి స్టేషన్‌కు పట్టుకుపోయారు.

ఏసుమణి కత్తిని చేతిలోకి తీసుకుంది. పిడి పక్కన నున్నటి ఇనుము మీద బొటనవేలు ఆడించింది. అంచు చూసింది.

“యాడా మొండిపోలేదు సార్. టైరు నిండా ఇనుపతీగెలే గదా! మొన మాత్రం ఒకింత వంగింది.” గర్వం దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

“మురిసింది చాల్లే. హెన్రీకి ఎప్పుడమ్మినావు?”

“దేవుని సాక్షిగా చెప్తాండా, ఇది హెన్రీకి అమ్మలేదు. ఆ టైర్లు కోసింది హెన్రీ కాదు.”

ఎస్సై కళ్లు చిట్లించాడు. ప్రాణం పోయినా ఏసుమణి అబద్ధమాడదని చర్చిలోనే కాదు, ఊరంతా చెప్పుకుంటారు. ఆయన మేనత్తదీ ఆ చర్చే.

“అయితే ఎవరు కోసినారో నీకు తెలుసు.”

“తెలుసు.”

“చెప్పు.”

“చెప్పను.”

“ఏమ్మా, తమాషాగా ఉండాదా? కొలిమికి తాళం వేస్తా!”

“వేసుకోండి. ఈ పొద్దు టిప్పర్లు తిరగని రోడ్డే గదా! దాగలి తీసుకపోయి నడిమధ్యన వేసుకుంటా.”

“వాడు నీ కొడుకేమన్నా అయితాడా, అంత వెనకేసుకొస్తాండావు?”

అప్పుడు లేచింది ఏసుమణికి కోపం.

“పిల్ల కాలు పోయినప్పుడు మీ జీపు యాడుండాది సార్? ఆ డ్రైవరు సాయంత్రానికే ఇంటికొచ్చి మీసం తిప్పె. ఈ పొద్దు రబ్బరు తెగితే కోడి కూయకముందే దిగినారు. రబ్బరుకుండే విలువ పిల్లకు లేకపాయ! కావాలంటే నన్ను తీసుకపోండి. నా నోటెంబడి మాత్రం ఎవరి పేరూ రాదు.”

రెండు చేతులూ చాపి ముందుకొచ్చి నిలబడింది. ఎస్సై ఆ నెరిసిన జుట్టునూ, గుడ్డ చుట్టిన అరచేతినీ చూసి తల పట్టుకున్నాడు.

“నిన్ను తీసుకపోయి ఏం చేసుకోవాల తల్లీ! ఊరంతా వచ్చి స్టేషన్ ముందర కూర్చుంటాది.” కత్తిని మళ్లీ కవర్లో వేసుకుని జీపెక్కాడు. “కొన్నోని పేరు గుర్తొస్తే చెప్పంపు.”

“ఎంత ఆలోచన చేసినా రాదు సార్” అంది ఏసుమణి.

ఏసుమణి మాట మీద మధ్యాహ్నానికి హెన్రీని వదిలేశారు. అతను ఇంటికి కూడా పోకుండా నేరుగా కొలిమి దగ్గరికే వచ్చాడు. బయట బడిపిల్లలు రోడ్డంతా తమదే అన్నట్టు చేతులు పట్టుకుని అడ్డంగా నడిచిపోతున్నారు. కొత్త టైర్లు వేసినా ఇక బైపాస్ మీదే తిప్పుతానని కాంట్రాక్టరు పెద్దమనుషులకు కబురు చేశాడట. అర్జీలకు కదలని మనిషి ఒక్క రాత్రికే దారికొచ్చాడు!

హెన్రీ వచ్చి దాగలి ముందర గొంతుక్కూర్చున్నాడు. “నా బిడ్డ కోసరం అంత తెగించినోడు ఎవరు పెద్దమ్మా? వాని కాళ్లు మొక్కాల. ఆ కత్తి ఎవరికి అమ్మినావో నాకొక్కనికి చెప్పు.”

“ఎస్సైకి చెప్పనిది నీకు చెప్తానా? పో, పోయి ఆరాధన కాడ కూర్చో పో” అని కసిరి, ఏసుమణి ఎడమచేత్తో సుత్తి అందుకుంది.

ఆ కత్తిని ఆమె ఎవరికీ అమ్మలేదు.